గోడకు బిగించే షవర్ సీటు: కొనే ముందు ఇంట్లో చూసుకోవలసినవి

మా అమ్మ మొన్నమొన్నటి దాకా చెక్కపీట మీద కూర్చుని స్నానం చేసేది. మోకాళ్లు అరిగాక పీట మీద నుంచి లేవడం కష్టమైంది. పీట తీసేసి ప్లాస్టిక్ స్టూలు వేశాం. ఒక ఆదివారం తలంటుకుంటూ ఉంటే నూనె, సున్నిపిండి కలిసిన నీళ్లలో స్టూలు కాలు ఒకటి పక్కకు జారింది. అమ్మ కుళాయిని గట్టిగా పట్టుకుని నిలదొక్కుకుంది. కుళాయి వంగిపోయింది గాని అమ్మకు దెబ్బ తగలలేదు. ఇక నుంచి ఎవరమో ఒకరం లోపలికి వస్తామంటే ఒప్పుకోలేదు. "తలుపు వేసుకుని నా స్నానం నేను చేసుకోవాలి. దానికేదైనా దారి చూడండి" అంది.

ఆ దారి కోసం వెతికితే దొరికింది గోడకు బిగించి, అవసరం తీరాక పైకి మడిచేసే షవర్ సీటు. దీనికి జారిపోయే కాళ్లుండవు. చిన్న స్నానాల గదిలో చోటు ఆక్రమించదు. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. చాలామంది సీటును చూసి ముచ్చటపడి కొని తెచ్చి, ఆ తర్వాత గోడ వంక చూస్తారు. ఈ పని తిరగేసి చేయాలి. ముందు కూర్చునే మనిషిని కొలవండి, తర్వాత గోడను పరీక్షించండి, ఆ రెంటికీ సరిపడే సీటు కోసం అప్పుడు దుకాణానికి వెళ్లండి.

అసలు మీకు గోడ సీటు పనికొస్తుందా?

కూర్చున్నాక ఒక పక్కకు ఒరిగిపోయేవారికి, పక్షవాతం వల్ల నడుము నిలబెట్టలేనివారికి చేతుల్లేని గోడ సీటు చాలదు. వారికి రెండు వైపులా చేతులు, వెనుక ఆనుకోవడానికి వీపు ఉన్న నాలుగు కాళ్ల స్నానపు కుర్చీయే మంచిది. కాళ్ల కింద వెడల్పాటి రబ్బరు బుష్‌లు ఉన్నది తీసుకోండి. అద్దె ఇంట్లో ఉండి, గోడకు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోకపోయినా అదే దారి. తమంతట తాము కూర్చోగలిగి, లేవగలిగి, ఎక్కువసేపు నిలబడటమే కష్టమైనవారికి గోడ సీటు చక్కగా సరిపోతుంది.

మనిషిని కొలవడం

కూర్చునేవారిని చెప్పులు లేకుండా ఒక గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. పాదం మొత్తం, మడమతో సహా నేలకు ఆనాలి. మోకాలి వెనుక మడత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. సీటు ఎత్తుకు ఆ కొలతే మొదలు.

అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం 2010లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం షవర్ సీటు పైభాగం నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో, అంటే దాదాపు 43 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సీట్లతో వచ్చే కాగితాల్లోనూ తరచు ఇలాంటి అంకెలే కనిపిస్తాయి. వాటిని కళ్లకద్దుకుని బిగించేయకండి. అయిదడుగులు కూడా లేని మన పెద్దవాళ్లను 48 సెంటీమీటర్ల సీటు మీద కూర్చోబెడితే పాదాలు గాలిలో వేలాడతాయి. వేలాడే పాదాలతో కూర్చున్నవారు సబ్బు కోసం ముందుకు వంగితే అలాగే జారిపోతారు. మా అమ్మ కొలత 39 సెంటీమీటర్లు వచ్చింది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కాస్త ఎత్తుగా ఉంటే లేవడం సులువు కాబట్టి 42 దగ్గర బిగించాం. అక్కడ కూర్చుంటే ఆమె మడమలు ఇప్పటికీ నేలకు ఆనుతున్నాయి. ఎంత పెంచినా మడమ లేవకూడదు. అది హద్దు.

తుంటి మార్పిడి శస్త్రచికిత్స అయినవారి లెక్క వేరు. వారికి కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే కిందికి దిగకూడదని చెబుతారు. ఎంత ఎత్తు కావాలో వారి ఫిజియోథెరపిస్టునే అడిగి, ఆ అంకెను గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి.

బరువు కూడా చూడండి. సీటు మీద ఎన్ని కిలోలు రాసి ఉందో, దాని కంటే మనిషి బరువు బాగా తక్కువ ఉండాలి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారు చివరి నాలుగు వేళ్ల ఎత్తు నుంచి దభాలున కూలబడతారు. ఆ క్షణంలో సీటు మీద పడే భారం వారి బరువు కంటే చాలా ఎక్కువ.

చోటు చూడటం

ఇప్పుడు ఆ కుర్చీనే స్నానాల గదిలోకి తీసుకెళ్లండి. నీళ్లు లేకుండా, బట్టలతోనే, సీటు పెట్టాలనుకున్న చోట వారిని కూర్చోబెట్టి స్నానం చేస్తున్నట్టు చేతులు ఆడించమనండి. కుళాయి వారి బలమైన చేతి వైపు ఉందా? నడుము గోడకు ఆనించి ఉండగానే సబ్బు అందుతోందా? మోకాళ్ల ముందు కనీసం రెండడుగుల ఖాళీ ఉందా? లేచేటప్పుడు తల దేనికైనా తగులుతోందా? ఈ పది నిమిషాల పరీక్షలో మేము మొదట అనుకున్న గోడను వదిలేసి ఎదుటి గోడకు మారాం. మొదటి చోట కుళాయి తిప్పాలంటే అమ్మ పూర్తిగా పక్కకు వంగవలసి వచ్చేది.

గది మూలకు దగ్గరగా సీటు పెడితే పక్క గోడ ఒక వైపు ఆసరా అవుతుంది. మరీ మూలలోకి నెట్టకండి, మోచెయ్యి ఆడదు.

తలుపు సంగతీ అప్పుడే తేల్చుకోండి. మన ఇళ్లలో స్నానాల గది తలుపులు ఎక్కువగా లోపలికే తెరుచుకుంటాయి. లోపల మనిషి పడిపోతే ఆ శరీరమే తలుపుకు అడ్డమవుతుంది, బయటివారు లోపలికి రాలేరు. వడ్రంగిని పిలిచి తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. గడియ బదులు, అవసరమైతే బయట నుంచి తిప్పి తీయగలిగే తాళం పెట్టించండి. దీని ఉపయోగం సీటుకు ఏమాత్రం తీసిపోదు.

గోడ: అసలు కష్టమంతా ఇక్కడే

సీటు మీద 70 కిలోల మనిషి కూర్చున్నారనుకోండి. ఆ బరువు గోడ నుంచి సుమారు 22 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. సీటును గోడకు పట్టి ఉంచే లోహపు పట్టీకి పై బోల్టులు కింది అంచు నుంచి 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం. 70ని 22తో గుణించి 11తో భాగిస్తే 140 వస్తుంది. అంటే పై బోల్టులను గోడలోంచి బయటికి పీకే బలం 140 కిలోలకు సమానం. మనిషి బరువుకు రెట్టింపు! కూలబడితే ఇంకా ఎక్కువ. తువ్వాలు కడ్డీకి వాడే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గులు, మరలు ఈ పనికి ఎందుకు పనికిరావో దీంతోనే తెలుస్తుంది. పై బోల్టులకూ కింది అంచుకూ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే ఈ లాగుడు అంత తగ్గుతుంది. దుకాణంలో రెండు సీట్ల మధ్య తేల్చుకోలేకపోతే, గోడ పట్టీ పొడవుగా ఉన్నదానినే తీసుకోండి.

ఇక మీ గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. టైల్స్ వెనుక ఉన్నది కంటికి కనిపించదు. అందుకే పట్టీ కిందికి వచ్చే చోట ఒకే ఒక్క పరీక్ష రంధ్రం వేయించి, డ్రిల్లింగ్ మిషన్ నుంచి రాలే పొడిని అరచేతిలోకి తీసుకుని చూడండి. టైలు పొడి, సిమెంటు పొడి అయిపోయాక ఎర్రటి పొడి వస్తే ఎర్ర ఇటుక. బూడిదరంగు పొడి వస్తూ మిషన్ కాస్త తేలిగ్గానే దిగితే ఫ్లైయాష్ ఇటుక. సన్నటి లేత బూడిద పొడి, మిషన్ మొరాయిస్తూ ఒక్కో మిల్లీమీటరే దిగడం కాంక్రీటు గుర్తు. తెల్లటి మెత్తటి పొడి రాలుతూ బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగితే అది లోపల గాలి బుడగలతో తయారుచేసే తేలికపాటి సిమెంటు దిమ్మ, ఏఏసీ బ్లాకు. కొంత దూరం వెళ్లి ఒక్కసారిగా ఖాళీలోకి జారిపోతే లోపల బోలు ఉన్న సిమెంటు బ్లాకు.

కాంక్రీటు గోడ దొరికితే అదృష్టమే. హైదరాబాదులో ఈ మధ్య కట్టిన ఎత్తైన అపార్టుమెంట్లు చాలావాటిలో అల్యూమినియం చట్రాలు బిగించి గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. వీటిలో, రంధ్రం లోపల విచ్చుకుని బిగిసే స్టీలు యాంకర్ బోల్టులు గట్టిగా పట్టుకుంటాయి. లోపల కరెంటు గొట్టాలు దాగి ఉంటాయి కనుక, వాటి జాడ తెలుసుకున్నాకే రంధ్రం వేయించాలి.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కూడా మంచిదే. కానీ ఇటుకలో, లోపల విచ్చుకుని బిగిసే యాంకర్ బోల్టులు వద్దు. విచ్చుకునే ఒత్తిడికి ఇటుక పగులుతుంది. రంధ్రంలో జిగురు నింపి కడ్డీ దించే కెమికల్ యాంకర్ అడగండి. ఆ జిగురు ఇటుకనూ కడ్డీనీ ఒకటిగా పట్టేస్తుంది. రంధ్రంలోని దుమ్మును బ్రష్‌తో తోమి, గాలి ఊది పూర్తిగా తీయకపోతే జిగురు దుమ్మునే పట్టుకుంటుంది గాని ఇటుకను పట్టుకోదు. పనివారు తొందరలో వదిలేసేది సరిగ్గా ఈ దశనే. దగ్గరుండి చేయించుకోండి.

నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలు, ఏఏసీ గోడలు, బోలు బ్లాకులు - వీటి దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఇలాంటి గోడకు నాకు తెలిసి నమ్మదగిన పద్ధతి ఒకటుంది. బోల్టును గోడకు ఈ వైపు నుంచి ఆ వైపుకు పూర్తిగా దూర్చి, అవతల వెడల్పాటి స్టీలు పలక వేసి నట్టు బిగించడం. అవతలి వైపు పడకగది అయితే ఆ పలక బీరువా వెనుక దాగిపోతుంది. అది కుదరకపోతే ముందు వైపు కాళ్లు నేలకు దిగే మడత సీటు తీసుకోండి. దాని బరువులో చాలా భాగం నేల మోస్తుంది, గోడ మీద లాగుడు తగ్గుతుంది. రెండూ కుదరకపోతే గోడ సీటు ఆలోచన మానుకుని నాలుగు కాళ్ల కుర్చీ కొనుక్కోండి.

టైల్స్‌ను కూడా ఒక రూపాయి బిళ్లతో తట్టి చూడండి. కొన్నిచోట్ల గట్టి శబ్దం, కొన్నిచోట్ల బోలు శబ్దం వస్తుంది. బోలుగా మోగే టైలు వెనుక సిమెంటు నిండలేదు. అక్కడ బోల్టు బిగిస్తే టైలు పగులుతుంది, పగలకపోయినా కొన్నాళ్లకు పట్టీ వదులవుతుంది. గోడలో దాగిన నీటి గొట్టాలు సాధారణంగా కుళాయిల నుంచి నిలువుగా పైకి, గీజర్ వైపు అడ్డంగా పోతాయి. ఆ దారులకు దూరంగా ఉండండి. ఇల్లు కట్టేటప్పుడు గొట్టాలు కనిపించేలా తీసిన ఫోటోలేవైనా ఫోన్లో ఉన్నాయేమో ఒకసారి వెతకండి.

సీటు ఎంచుకోవడం

గోడ తేలాక ఇది తేలికే. దుకాణంలో సీటు వెనుక అంచును చేత్తో కిందికి నొక్కి చూడండి, ముందు అంచు ఎగరకూడదు. పైకి మడిస్తే తనంతట తాను నిలవాలి, తల మీద పడకూడదు. కీళ్ల దగ్గర వేలు నలిగే సందులున్నాయేమో వేలితోనే తడిమి చూడండి. కూర్చునే చోట నీళ్లు కారిపోయే రంధ్రాలు ఉండాలి. ఉపరితలం కొంచెం గరుకుగా ఉండాలి. స్పాంజి దిండున్న సీట్లు మెత్తగా ఉంటాయి గాని కుట్లలోంచి నీళ్లు పీల్చుకుని బూజు పడతాయి. మంచి ప్లాస్టిక్ సీటు చాలు. టేకు సీటు అందంగా, జనవరి చలిలో ఒంటికి చల్లగా తగలకుండా ఉంటుంది గాని దాన్ని రోజూ ఆరబెట్టుకోవాలి. ఎవరి సాయమూ లేకుండా శుభ్రం చేసుకోవాలనుకునేవారికి ముందు భాగం గుర్రపు నాడాలా తెరిచి ఉన్న సీటు ఎంతో వీలు.

లోహపు పట్టీ, బోల్టులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలని అడగండి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో 316 రకం ఇంకా మేలు. అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అది పైన మెరుపు పూత పూసిన ఇనుము కావచ్చు. అతుక్కోనంత మాత్రాన 304 అని నమ్మేయకండి, చౌకగా దొరికే 202 రకం కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. సరుకు రకం బిల్లు మీద రాయించుకోవడం మంచిది. పెట్టెలో వచ్చే బోల్టులు మీ గోడకు సరిపోతాయన్న నమ్మకం కూడా లేదు. గోడను బట్టి వేరుగా కొనవలసి వస్తే వెనుకాడకండి.

అమెరికా ప్రమాణాల్లో నాకు నచ్చినది ఒకటుంది. సీటు, దాని బోల్టులు, పట్టుకునే కడ్డీలు నిలువుగా గాని అడ్డంగా గాని పడే 250 పౌండ్ల బలాన్ని, అంటే సుమారు 113 కిలోలను తట్టుకోవాలన్నారు. అమ్మేవారిని మీ సీటు ఎంత బరువుకు పరీక్షించారో అడగండి. కాగితం చూపించలేకపోతే మరో సీటు చూడండి.

సీటుతో పాటు పట్టుకునే కడ్డీ కూడా కొనండి. కూర్చున్నప్పుడు బలమైన చేతి వైపు అందేలా ఒకటి, లేచి నిలబడేటప్పుడు పట్టుకోవడానికి నిలువుగా ఒకటి. గోడకూ కడ్డీకీ మధ్య 38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పిడికిలి అందులో పడుతుంది, జారినప్పుడు ముంజేయి మాత్రం అందులోకి దూరి ఇరుక్కోదు. గాలి పీల్చుకుని టైలుకు అతుక్కునే కడ్డీలు మనిషి బరువు మోయడానికి కాదు. తువ్వాలు కడ్డీ కూడా కాదు.

బకెట్ సంగతి మరిచిపోవద్దు

ఇది నేను ఎక్కడా చదవలేదు, ఇంట్లో చూసి తెలుసుకున్నాను. షవర్ కింద కూర్చునేవారి కోసం చేసిన సీటు ఇది. మన ఇళ్లలో పెద్దలు చాలామంది బకెట్, చెంబుతోనే స్నానం చేస్తారు. పీట మీద కూర్చున్నప్పుడు బకెట్ అంచు ఛాతీ దగ్గర ఉంటుంది. 42 సెంటీమీటర్ల సీటు ఎక్కగానే అదే బకెట్ మోకాళ్ల కిందికి వెళ్లిపోతుంది. 20 లీటర్ల నీళ్లు లీటరు చెంబుతో పోసుకుంటే కనీసం 20 సార్లు ముందుకు వంగాలి. నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా లోతుకు వంగాలి. ఏ ప్రమాదం తప్పించాలని సీటు పెట్టామో అదే మళ్లీ ఎదురవుతుంది. మొదటి రోజు అమ్మ వంగుతుంటే నాకు గుండె ఆగినంత పనైంది.

దీనికి రెండు దారులు. చేతి షవర్ పెట్టించడం ఒకటి. మీటరున్నర గొట్టం ఉన్నది తీసుకుని, దాన్ని తగిలించే కొక్కేన్ని కూర్చున్న మనిషి భుజం ఎత్తులో పెట్టించండి. ఇప్పుడున్న షవర్ గొట్టానికే చాలా చోట్ల దీన్ని కలపవచ్చు, ప్లంబరుకు గంట పని. షవర్ నచ్చనివారికి రెండో దారి: సీటు పక్కనే ఒక అడుగు ఎత్తున ఇటుకతో దిమ్మె కట్టించి పైన గ్రానైట్ పలక వేయించి, దాని మీద బకెట్ పెట్టడం. మా అమ్మ ఇదే కోరుకుంది. "తల మీద చెంబుతో పోసుకుంటేనే స్నానం చేసినట్టుంటుంది" అంది. పెద్ద బకెట్ బదులు 10 లీటర్లది పెట్టాం, దానిలోకి కుళాయి నుంచి చిన్న గొట్టం వేశాం. బకెట్ ఎత్తవలసిన పని లేదు.

బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. కూర్చున్న మనిషి చటుక్కున పక్కకు తప్పుకోలేరు కాబట్టి గీజర్‌ను 50 డిగ్రీలు దాటకుండా తిప్పి పెట్టండి.

బిగించాక

రంధ్రాలు వేసేటప్పుడు టైలు దాటేదాకా మిషన్‌ను సుత్తి పద్ధతిలో కాకుండా మామూలుగానే తిప్పమనండి, లేకపోతే టైలు చిట్లుతుంది. బోల్టుల చుట్టూ సిలికాన్ పూయించండి, గోడలోకి తేమ వెళ్లదు. సిలికాన్, జిగురు ఆరడానికి వాటి డబ్బా మీద రాసినంత సమయం ఇవ్వండి. ఆ లోపు ఎవరూ కూర్చోకూడదు.

ఆరాక పట్టీ అంచు చుట్టూ టైలు మీద సన్నని గీత గీయండి. తర్వాత 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు నిండుగా రెండు సీటు మీద పెట్టి కాసేపు వదిలేయండి. గీత కదలలేదంటే ఇంట్లో అందరికంటే బరువైన, ఆరోగ్యంగా ఉన్నవారు పాదాలు నేలకు గట్టిగా ఆనించి మెల్లగా కూర్చోవాలి. ముందుకు, పక్కకు ఒరిగి చూడాలి. ఏ చప్పుడు వచ్చినా, గీతకూ పట్టీకీ మధ్య వెంట్రుక మందం సందు కనిపించినా మళ్లీ చేయించండి. పెద్దవారు కూర్చోవలసింది ఆ తర్వాతే.

వారికి కూర్చోవడం నేర్పండి. సీటు వైపు వీపు తిప్పి, పిక్కలకు సీటు అంచు తగిలేదాకా వెనక్కి రావాలి. ఒక చెయ్యి కడ్డీ మీద, మరో చెయ్యి సీటు మీద ఉంచి నెమ్మదిగా దిగాలి. లేచేటప్పుడు ముందు సీటు మీదే ఒక నిమిషం ఆగాలి. వేడినీళ్ల స్నానం తర్వాత రక్తపోటు తగ్గి కళ్లు తిరగవచ్చు. తలంటు రోజుల్లో నూనె బయటే రాసుకుని రావాలి. స్నానం అయ్యాక పాదాలూ నేలా సబ్బుతో కడిగి నీళ్లు పోశాకే నిలబడాలి.

స్నానాల గది కడిగే యాసిడ్‌ను సీటు దరిదాపుల్లోకి రానివ్వకండి. స్టెయిన్‌లెస్ స్టీలును కూడా అది చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. బోరు నీళ్ల వల్ల కీళ్ల మీద పేరుకునే తెల్లటి సున్నపు పొరను వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడగండి. నెలకోసారి ఆ గీత చూసి, నట్లు బిగించండి.

చివరగా మిగిలిన చిన్న పని ఒక పిలుపు గంట. బ్యాటరీతో పనిచేసే, తడిసినా పాడుకాని గంట మీట తెచ్చి గోడకు అతికించండి. అతికించేది కూర్చున్నప్పుడు అందే ఎత్తులో కాదు. కింద పడిన మనిషికి నేల మీద నుంచి చెయ్యి చాపితే అందేంత కిందన, నేలకు జానెడు ఎత్తులో.